వెలుగుకి ముందున్నవాడు

తాళాలమ్మ తాళం తిప్పేసి, "గంట పడుతుందండీ, ఈలోగా గోళ్లన్నీ కొరికేసుకోకండి" అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది. తాళమంటే నిజం తాళం కాదు, ఆవిడ ఇన్నాళ్లూ తన ఒక్కదాని దగ్గరే దాచిపెట్టిన ఒక రహస్యపు అంకె, పరిశోధనశాలలో అందరూ ఆవిడని తాళాలమ్మ అనేది అందుకే. దాన్ని కంప్యూటర్‌లో కొట్టి ఆవిడ కుర్చీలోంచి లేచిన దగ్గర్నుంచీ తెర మీద ఒక ఆకుపచ్చ గీత ఎడమ నుంచి కుడికి పాకుతోంది, పాకుతోందనడం కూడా దాన్ని పొగడటమే. అది కుడివైపు అంచు తాకితే, లెక్క జవాబు దాచిన పెట్టె తెరుచుకున్నట్టు. పెట్టె తెరుచుకుంటే, విశ్వం పుట్టగానే ఒక్క ఉదుటున ఉబ్బిందో లేదో, ఆ కుదుపు ఆకాశంలోకెల్లా పాత వెలుగు మీద ఏదైనా ముడత వేసి వదిలిందో లేదో తేలిపోతుంది. సున్నా వస్తే ముడత లేదు, సున్నా కాకుండా ఏదొచ్చినా ఉంది. ఆమె ముప్పై ఏళ్ల కాపురం, ముప్పై ఏళ్ల ఉద్యోగం, రెండూ కలిసి ఆ గీత వెనకాలే పాకుతున్నాయి, దాన్ని చూడాల్సిన రెండో మనిషి మాత్రం గదిలో లేడు. "ఇప్పుడే వస్తా" అని లేచి వెళ్లాడు. పక్క కుర్చీ వీపుకి అతని స్వెట్టరు వేలాడుతోంది, ఒక చెయ్యి లోపలికి తిరిగిపోయి ఉంది, ఎప్పుడు విప్పినా అంతే. ఎక్కడికి వెళ్లాడో ఆమెకి తెలుసు. తెలుసని అతనికి తెలియదు. ఆమె కడుపుమంట అంతా అక్కడే ఉంది.

కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. వాళ్ల పరిశోధనశాలకీ పక్కనున్న కళ్ల ఆసుపత్రికీ మధ్య పై అంతస్తులో ఒక వంతెన, రెండు పక్కలా అద్దాలు, ఇటు నుంచి చూస్తే అందులో నడిచేవాళ్లు నిలువునా కనిపిస్తారు, ఒక కంటికి దూది అంటించుకున్నవాళ్లు, వాళ్ల చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్లు, మందుల సంచులు, గోడ తడుముకుంటూ పోయే ఒక ముసలాయన, వాళ్ల మధ్యలో తన మొగుడు. తాపీగా పోతున్నాడు, ఇంత పెద్ద రోజున కూడా కాలు తొందరపడటం లేదు. వంతెన చివర ఆగాడు, అద్దంలో చూసుకున్నాడు, ఉన్న నాలుగు వెంట్రుకల్నీ చేత్తో ఇటు నుంచి అటు సవరించుకుని, కాలరు సరిచేసుకుని, అప్పుడు మలుపు తిరిగాడు. ఆమెకి ఒళ్లు భగ్గుమంది. తన దగ్గరికి వచ్చేటప్పుడు ఈ మనిషి ఎన్నడైనా జుట్టు సవరించుకున్నాడా? పెళ్లికి రిజిస్ట్రారు ఆఫీసుకి తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని వచ్చాడు, సంతకం పెట్టమంటే కలం మర్చిపోయానన్నాడు, కలం ఇచ్చింది తను, ఆ కలం ఇంతవరకూ తిరిగివ్వలేదు కూడా. అలాంటివాడికి అక్కడికి పోయేటప్పుడు మాత్రం కాలరు గుర్తొస్తుంది. ఆ పైవాడు మనుషుల లోపలికే చూస్తాడట కదా, మరి వాడికి కాలరు ఎలా ఉంటే ఏం?

మొదట్లో ఆడమనిషి అనుకుంది. వారానికో రోజు మధ్యాహ్నం "ఇప్పుడే వస్తా" అని పోయి, గంట తర్వాత అప్పుడే మొహం కడుక్కున్నవాడిలా తేటగా తిరిగొచ్చే మొగుణ్ని చూసి ఏ పెళ్లామైనా ఇంకేమనుకుంటుంది. పరిశోధకురాలు కాబట్టి పద్ధతిగానే అనుమానించింది, ఏ రోజు పోతున్నాడు, ఎంతసేపు, తిరిగొచ్చాక టీ అడుగుతాడా అడగడా, చొక్కాకి వాసనేమైనా ఉందా. వాసన ఉంది, ఆసుపత్రి ఫినాయిలు వాసన, అయితే నర్సన్నమాట అని తేల్చేసుకుంది. సన్నగా పొడుగ్గా తనకన్నా బాగా చిన్నదైన ఒక నర్సుని మనసులోనే తయారుచేసి, దాని బుగ్గ మీద ఒక పుట్టుమచ్చ కూడా పెట్టి, కొన్ని నెలలపాటు దాన్ని తిట్టుకుంది. తర్వాత ఒకరోజు తన కళ్లు చూపించుకోవడానికి తనే ఆ ఆసుపత్రికి వెళ్లాల్సి వచ్చింది. పరీక్ష కోసమని కళ్లల్లో చుక్కలు వేశారు, లోకమంతా నీళ్లలో మునిగినట్టయింది, పిలిచేదాకా అటు కూర్చోండి అంటే దారి తప్పి నడవా చివరిదాకా పోయింది. అక్కడ అద్దం తలుపున్న ఒక గది, తలుపు మీద ఏవో అక్షరాలు. అక్షరాలు చదవలేకపోయింది కానీ లోపల కూర్చున్న వీపుని చదవగలిగింది, కుడిభుజం ఎడమదానికన్నా కాస్త కిందికి దిగి ఉండే వీపు. పక్కన నర్సు లేదు. ఎదురుగా నర్సు లేదు. ముందుకి వంగి, చేతిలో చెయ్యి పెట్టుకుని, పెదవులు కదుపుతున్నాడు, ఎదురుగా ఖాళీ గోడ. చూపు తేటపడ్డాక మళ్లీ వెళ్లి ఆ అక్షరాలు చదివింది. ప్రార్థన గది, అన్ని మతాలవారికీ, మౌనం పాటించండి. నర్సు మాయమైపోయింది, పుట్టుమచ్చతో సహా. దాంతో ఆమె గుండెల మీద బరువు దిగాలి కదా, దిగలేదు, ఇంకాస్త పెరిగింది.

ఎందుకంటే ఆడమనిషి అయితే ఏం చెయ్యాలో తెలుసు. వయసెంతో కనుక్కోవచ్చు, ఎదురుపడితే చురచురా చూడొచ్చు, ఏమీ కుదరకపోతే దానికీ ఏదో ఒకరోజు ముసలితనం వస్తుందిలే అని ఓపిక పట్టొచ్చు. వీడికి వయసేమిటి? ఆమె బతుకంతా ఒక్క వెలుగు గురించి, విశ్వం పుట్టిన కొన్ని లక్షల ఏళ్లకి పొగ విడిపోయి మొట్టమొదటిసారి బయటపడిన వెలుగు, అంతకన్నా పాతది ఆకాశంలో ఇంకేదీ కనపడదు, దానికోసం ఊపిరి కూడా సరిగ్గా ఆడని కొండ మీద టెలిస్కోపు పెట్టుకుని, వేళ్లు కొంకర్లు పోతుంటే ఒకే జత చేతితొడుగుల్ని వంతులేసుకుని తొడుక్కున్నారు ఇద్దరూ. ఆ పైవాడు ఆ వెలుగుకి కూడా ముందువాడట. తను ప్రాణం పెట్టి ఎంత వెనక్కి వెళ్లినా, అక్కడ వాడు అంతకుముందే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాడు. మొగుడి విషయంలోనూ అంతే, తను పరిచయం కాకముందే వాడు పరిచయం, తనకన్నా పాతవాడు, తనకన్నా ఓపికమంతుడు, గురక గురించి ఒక్కమాట కూడా అననివాడు. సవతి అందామా అంటే మగవాడాయె. మరిది అందామా అంటే మొగుడికన్నా పెద్దవాడాయె. బావగారు అందామా అంటే ఒక్కపూటైనా ఇంటికొచ్చి భోంచేసిన పాపాన పోలేదు. వరస కూడా తేలని చుట్టరికం.

పోనీ, అసలు ఉన్నాడా? లేడనే ఆమె ఉద్దేశం, కాలేజీ రోజుల నుంచీ అదే ఉద్దేశం, ఎవరడిగినా దాపరికం లేకుండా చెప్పేది. కానీ లేడనుకుంటే అవమానం ఇంకా ఎక్కువైంది. ఉన్నవాడి కోసం పోయాడంటే ఏదో ఆకర్షణ ఉందిలే అనుకోవచ్చు, లేనివాడి దగ్గర కూర్చోవడానికి ఉన్నదాన్ని వదిలేసి పోతున్నాడంటే తన స్థానం ఏమిటన్నట్టు? ఒక ఖాళీ గోడ తనకన్నా మేలా? ఒకసారి మొగుడు ఊళ్లో లేనప్పుడు తనే వెళ్లి ఆ గదిలో కూర్చుంది, అచ్చం అతను కూర్చున్న కుర్చీలోనే, అలాగే వంగి, అలాగే చేతిలో చెయ్యి పెట్టుకుని. "ఎవరండీ మీరు?" అని అడిగింది. మర్యాదగానే అడిగింది. జవాబు లేదు, ఎక్కడో నీళ్ల పంపు ఆన్ చేసిన చప్పుడు, నడవాలో చక్రాల కుర్చీ కిర్రుమన్న చప్పుడు. ఇంకాసేపు చూసింది, కొండ మీద టెలిస్కోపు దగ్గర కూర్చున్నట్టే చెవులు రెండూ అప్పగించి కూర్చుంది, అలా వినడం ఆమెకి కొత్తేమీ కాదు, అసలు వాళ్ల ఉద్యోగమే అది, ఏమీ లేనట్టు కనిపించేచోట ఏదో ఉందేమోనని ఏళ్ల తరబడి కాపు కాయడం. చివరికి తన కడుపులో ఆకలి గుడగుడలాడింది, లేచొచ్చేసింది. మొగుడికి పలికేవాడు తనకి పలకడెందుకని, నమ్మకం లేనిదానికి కూడా కోపం వచ్చింది.

అత్తగారికి తెలుసు, అది ఇంకో ముల్లు. ఆవిడ పోయి చాలాకాలమైంది కానీ ఆ మాట మాత్రం ఇప్పుడే అన్నట్టు చెవిలో ఉంది. కొత్త కాపురంలో కొన్నాళ్లు వాళ్ల దగ్గర ఉండటానికొచ్చి, కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా అంది, "వాడికి మనసు బాగోకపోతే ఒక గంట వదిలెయ్యమ్మా, వాడే సర్దుకునొస్తాడు." పడుకుంటాడు కాబోలు అనుకుంది తను. అత్తగారి ముందు అతన్ని మీరు అనేది, పరిశోధనశాలలో నువ్వు అనేది, ఒకసారి రెండూ కలిసిపోయి అత్తగారి ముందే "నువ్వు లెక్క తప్పు చేశారు" అనేసరికి ముగ్గురూ పడీపడీ నవ్వారు. అంతా తెలిసిన కుటుంబంలో తనొక్కతే తెలియకుండా నవ్విందన్నమాట. ఆ గంట ఎక్కడికి పోతాడో తల్లికి తెలుసు, కొడుక్కి తెలుసు, పైవాడికి మరీ తెలుసు, పెళ్లానికి తెలియదు. తాళాలమ్మ అంటూ ఉంటుంది, "మీరిద్దరూ ఒక్కసారైనా పోట్లాడుకోరేంటండీ, మా ఇంట్లో అయితే ఫ్యాను రెండులో పెట్టాలా మూడులో పెట్టాలా అని రోజూ కురుక్షేత్రమే" అని. విన్నప్పుడల్లా ఎంత గర్వపడేది! లోకంలో ఎవరికీ లేని కాపురం తనదని, మాట మీద మాట పడని మొగుడని. ఇప్పుడా గర్వం కూడా నోట్లో చేదుగానే ఉంది.

గీత వైపు చూసింది, మూడోవంతు కూడా దాటలేదు. ఊరూరా తిరిగి చెప్పిన ఉపన్యాసాలు గుర్తొచ్చాయి, స్కూళ్లలో, గ్రంథాలయాల్లో, ఉద్యోగుల సంఘాల హాళ్లలో, ఇద్దరూ చెరో పక్కన నిలబడి, వెనక తెర మీద ఆ పాత వెలుగు బొమ్మ, నీలం మచ్చలూ ఎర్ర మచ్చలూ. చివర్లో ప్రశ్నలు. లెక్కల ప్రశ్నలు అతను తీసుకునేవాడు, దేవుడి ప్రశ్నలు ఆమెకి వదిలేవాడు, చేత్తో మర్యాదగా ఇటు చూపించేవాడు, ఇవి మా ఆవిడ చెప్తుంది అన్నట్టు. దేవుడి ప్రశ్న రాని ఊరు ఒక్కటీ లేదు. ఒకచోట ఒక పెద్దావిడ మైకు రెండు చేతుల్తో పట్టుకుని, "నువ్వు చెప్పింది బానే ఉందమ్మా, మరి అంత వెలుగుని వెలిగించిందెవరు?" అంది, హాలంతా చప్పట్లు. తను నవ్వుతూనే జవాబు చెప్పింది, వెలిగించాలంటే ముందు ఒకరుండాలి, ముందు అనడానికి కాలం ఉండాలి, కాలమే అక్కడ మొదలైతే ముందు అనే చోటే లేదు కదండీ అని. దానికీ చప్పట్లు కొట్టారు, అదే జనం. తల తిప్పి చూస్తే మొగుడు బూట్ల వంక చూస్తున్నాడు. తనకి పేరు రావాలని పక్కకి తప్పుకుంటున్నాడని మురిసిపోయింది అప్పుడు. తప్పుకున్నాడు నిజమే, ఎందుకు తప్పుకున్నాడో ఇప్పుడు తెలుస్తోంది. ఆ పెద్దావిడ పక్కన ఖాళీ కుర్చీ ఉంటే వెళ్లి అక్కడ కూర్చునేవాడేమో. కొండ మీద ఒకసారి అనలేదూ, పొగ దాటి అవతలికి మనం చూడలేం, కానీ పొగ మీద ముడత కనిపిస్తే తెర వెనకాల ఎవరో కదిలారని తెలుస్తుంది అని. "ఎవరో కాదు, ఏదో" అని సరిదిద్ది, వేడివేడి టీ కప్పు అతని చేతిలో పెట్టింది. అతను టీ తాగేసి ఊరుకున్నాడు. ఎన్ని మాటల్ని అలా టీతో కలిపి మింగాడో.

అయితే ఇప్పుడేం అడుగుతున్నాడు? ఆ ఆలోచన రాగానే అరికాలి మంట నెత్తికెక్కింది. పెట్టె అన్నది ఎందుకు పెట్టుకున్నారు వాళ్లు, ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరూ ఎందుకు పెట్టుకుంటారు? మనిషి మనసు దొంగది కాబట్టి. కావలసిన జవాబు కళ్లముందు కనబడుతుంటే లెక్క వేసే చెయ్యి తెలియకుండానే అటు జరుగుతుంది, నచ్చని చుక్కలో తప్పు వెతుకుతుంది, నచ్చినదాంట్లో వెతకదు. అందుకని అసలు అంకెకి తమకి తెలియని ఇంకో అంకెని కలిపించి, ఆ అంకెని పరాయి మనిషి దగ్గరే దాచిపెట్టించి, కళ్లకి గంతలు కట్టుకున్నట్టే ఏళ్ల తరబడి పని చేస్తారు, పనంతా అయిపోయి ఇక మార్చడానికి ఏమీ మిగలదనుకున్నాకే తాళం తిప్పుతారు. అంత నిష్ఠ. ఏది కావాలని మనసులో కూడా అనుకోకూడదని ఆమె నిజంగానే ప్రయత్నించింది, స్నానం చేస్తూ సున్నా రాకూడదని అనిపిస్తే తనని తానే కసురుకునేది. ఇతను అక్కడికి పోయి ఏకంగా అర్జీ పెట్టుకుంటున్నాడా? ముడత ఉండేలా చూడు స్వామీ అని? లేకపోతే ముడత లేకుండా చెయ్యి, సున్నా వస్తే మాకు అంతుపట్టనిదేదో మిగులుతుంది, అందులో నీకు చోటుంటుంది అని? ఏది అడిగినా అన్యాయమే. ఇద్దరూ కట్టుకున్న గంతల్లోంచి ఒక్కడే పక్కకి చూసినట్టు. పైగా విశ్వాన్ని చేసినవాడు ఆ పైవాడే అయితే వాడికి జవాబు ముందే తెలుసు, చెవిలో చెప్పేస్తే? చెప్పేసే ఉంటాడు, స్నేహితుడు కదా. ఇంత చదువుకున్న మనిషి ఇలాంటి అనుమానం పడిందంటే నలుగురూ నవ్విపోతారని ఆమెకి తెలుసు, తెలిసీ పడింది, ఈర్ష్యకి చదువుతో పనేముంది.

అంతకన్నా లోపల ఇంకోటి ఉంది, దాని జోలికి పోకూడదనుకుంటూనే పోయింది. ధూళి. ఈ పెట్టెకన్నా ముందు, ఎన్నో ఏళ్ల కింద, ఒకసారి ముడత దొరికిందనుకున్నారు. దొరికిందని ప్రపంచానికంతా చెప్పారు, పత్రికల్లో ఇద్దరి ఫోటో వచ్చింది, ఆమె బొమ్మ నవ్వుతూ అతని బొమ్మ కళ్లు మూసుకుని. కొన్ని నెలలకి ఇంకో బృందం మెల్లగా, మర్యాదగా చూపించింది, అది విశ్వం మొదట్లోది కాదు, మన పాలపుంతలోని ధూళి అని, అతి పాత వెలుగుకి అడ్డంగా మన వాకిట్లో లేచిన దుమ్ము మెరిస్తే దాన్నే మొదటి కుదుపు అనుకున్నారని. ఆ రోజు ఇంట్లో ఆమె చెయ్యని రభస లేదు. గాజుగిన్నె పగలగొట్టింది, ఫోన్ విసిరేసింది, అన్నం మానేసింది, ఇక ఆ కొండ మొహం చూడనంది. అతను ముక్కలు ఏరి కాగితంలో పొట్లం కట్టి పారేసి వచ్చాడు, బయటికెళ్లి కాసేపు నడిచొస్తానన్నాడు, గంట తర్వాత మొహం తేటగా తిరిగొచ్చి "పద, మళ్లీ మొదలుపెడదాం" అన్నాడు. ఆ ఒక్కమాట మీద ఆమె మళ్లీ లేచి నిలబడింది. తన మొగుడు బండరాయి లాంటివాడని, లోకం తలకిందులైనా చలించడని చెప్పుకుంది అందరికీ. బండరాయీ కాదు ఏమీ కాదు. ఆ గంటా ఎక్కడో వాడి ముందు కూర్చుని ఏడ్చి వచ్చి ఉంటాడు. ఓటమి ఇద్దరిదీ, గాజుముక్కలు ఇద్దరి కాళ్లకిందా ఉన్నాయి, ఏడుపు మాత్రం తీసుకెళ్లి ఇంకొకరి దగ్గర ఏడ్చాడు. ఆమె ఏడ్చింది అతని ముందే కదా, ఇంకెక్కడికీ పోలేదు కదా, పోవడానికి ఆమెకి ఇంకెవరూ లేరు కదా. గీత సగానికొచ్చింది. ఆమెకి గీత కనబడటం లేదు. ఈ గంట కూడా వాడికేనా? ఇంత పెద్ద గంట కూడా? పక్కన కూర్చుని ఒకరి గోళ్లు ఒకరు కొరుక్కోవాల్సిన గంట.

ఆ స్వెట్టరు భుజాన వేసుకుని గదిలోంచి బయటపడింది. పెట్టె తెరుచుకునేటప్పుడు ఎవరూ లేకుండా వదిలి రావడం ఈ వృత్తిలో ఎవరూ చెయ్యని పని, నడవాలో ఎదురైన తాళాలమ్మ "ఎక్కడికండీ?" అని నోరెళ్లబెట్టింది, "ఇప్పుడే వస్తా" అంది ఆమె, అనేశాక ఆ మాట తనది కాదని తెలిసి ఇంకా మండింది. వంతెన మీద కంటికి దూది ఉన్న ఒక పిల్ల తండ్రి భుజం మీంచి ఆమెని ఒంటికంటితో చూసింది. అద్దంలో తన బొమ్మ కనిపించింది, జుట్టు రేగిపోయి ఉంది. సవరించుకోలేదు, పంతానికి సవరించుకోలేదు. నడవా చివర అద్దం తలుపు, లోపల కుడిభుజం దిగిన ఆ వీపు. తలుపు తోసింది. గదిలో ఇంకెవరూ లేరు, ఇంకెవరైనా ఉన్నారా లేరా అన్నదే కదా గొడవంతా. వెనక కుర్చీలో కూర్చుని, గొంతు తగ్గించకుండానే అడిగింది.

"ఏం కావాలన్నావు? సున్నానా, కాదా?"

అతను ఉలిక్కిపడి తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వా? అయిపోయిందా?"

"గీత సగంలో ఉంది. అడిగినదానికి చెప్పు."

"అంకె సంగతి నేను ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తలేదు." కాసేపు ఆమె మొహంలోకి చూశాడు. "ఇక్కడికొస్తానని ఎప్పట్నుంచి తెలుసు?"

"కళ్లల్లో చుక్కలు వేయించుకున్న రోజు నుంచి. మరి అంకె ఎత్తకపోతే ఇంతసేపు ఏం మాట్లాడుకుంటున్నారు ఇద్దరూ?"

"మాట్లాడుకోవట్లేదు. తిడుతున్నాను."

ఆమె మనసు ఒక్క క్షణం గంతేసింది. వాళ్లిద్దరికీ కూడా పడదన్నమాట, అక్కడా గొడవలున్నాయన్నమాట. "ఆయన్నా?" అంది, నవ్వు ఆపుకుంటూ.

"నిన్ను," అన్నాడు.

అతను చేతులు చూసుకుంటూ, లెక్క వివరించే గొంతుతోనే చెప్పుకుపోయాడు. "నీ మీద కోపమొచ్చినప్పుడల్లా ఇలాంటి చోటికి ఎక్కడికో ఒకచోటికి పోతాను. ఉన్నదంతా కక్కేసి, ఇంకేం లేదనుకున్నాక ఇంటికొస్తాను. మా అమ్మ నేర్పింది. ఇవాళ నీ పక్కన కూర్చుంటే ఎక్కడ నోరు జారతానోనని లేచొచ్చేశాను. పెట్టె తెరుస్తున్నారు కదా, ధూళి గుర్తొచ్చింది."

"ధూళి సంగతి ఇప్పుడెందుకు?"

"నేను ముందే చెప్పాను. వంటింట్లో, నువ్వు పాలు కాస్తున్నావు. ఇది మన పాలపుంతదే అయ్యుండొచ్చు, ఇంకొన్నాళ్లు ఆగి చూద్దాం అన్నాను. నువ్వు గరిటె తిప్పుతూ వెనక్కి చూడకుండా, నీకు ధైర్యం లేదు, నీతో వచ్చిన చిక్కే అది అన్నావు. గుర్తుందా?"

గుర్తులేదు అనబోయింది. పాలు పొంగిన వాసన గుర్తొచ్చింది, స్టవ్ మీద పాలు పడి మాడిన వాసన, ఆ హడావిడిలో వెనకాల ఎవరో ఏదో అంటుంటే తీసిపారేసిన తన గొంతు. ఇన్నేళ్లూ ఇతను నేను చెప్పాను కదా అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి అనలేదు. గాజుముక్కలు ఏరుతూ కూడా అనలేదు. తప్పు తనదని తెలిసి ఆమెకి సిగ్గేసింది, నిజమే, కానీ సిగ్గుని తోసేసుకుని ముందుకొచ్చింది మళ్లీ ఆ పాత మంటే. ముప్పై ఏళ్ల కోపం! అరుపులూ, దెప్పిపొడుపులూ, నీతో వేగలేనన్న మాటలూ, ఒక మనిషికి ఒక మనిషి మీద మాత్రమే వచ్చే వేడి, అదంతా మోసుకెళ్లి వాడి ముందు కుప్పపోశాడు. తనకి దక్కింది కడిగి బోర్లించిన గిన్నెలాంటి మొగుడు. ఫ్యాను గురించి రోజూ కొట్టుకునే తాళాలమ్మకి మొగుడి కోపమంతా దక్కింది, తనకి ముప్పై ఏళ్లలో చెంచాడు దక్కలేదు.

"అది నాది," అంది. "నా మీద నీకొచ్చిన కోపం నాది. నన్నడక్కుండా పరాయివాడికి ఎలా ఇచ్చేశావు?"

"గొడవలెందుకని..."

"నాకు గొడవే కావాలి! ఏడవాలన్నా ఆయన దగ్గరే, తిట్టాలన్నా ఆయన దగ్గరే, మరి నా దగ్గర ఏం చేశావు ఇన్నాళ్లూ, టీ తాగావా?"

"అరవకు, ఇది ఆసుపత్రి."

"అరుస్తాను. నీకు ధైర్యం లేదు, అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు!"

అతని మొహం ఎర్రబడింది. ఆమె ఆ మొహాన్ని ఎప్పుడూ చూడలేదు, నుదుటి మీద ఒక నరం ఉబ్బింది, అలాంటి నరం ఒకటి ఉందని కూడా ఆమెకి తెలియదు. తలుపు తెరిచి ఒక నర్సు లోపలికి తొంగిచూసింది, లావుగా, పొట్టిగా, రిటైరవబోయే వయసులో ఉంది, బుగ్గ మీద పుట్టుమచ్చ లేదు. "అమ్మా, ఇక్కడ మౌనం..." అంది. "మా ఇంటి విషయమండీ, కాసేపు," అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ. నర్సు ఇద్దర్నీ చూసి తలుపు మెల్లగా దగ్గరికి వేసేసింది. అప్పుడే ఫోన్ మోగింది, తాళాలమ్మ, ఆయాసపడుతోంది. "ఎక్కడున్నారండీ ఇద్దరూ? గీత ఉన్నట్టుండి పరుగెత్తింది, పెట్టె తెరుచుకుంది! నేను చూళ్లేదు, ఒట్టు, తెర మీద నా శాలువా కప్పేసి తలుపు దగ్గర నిలబడ్డాను, త్వరగా రండి."

మొగుడి వైపు చూసింది. అతను కుర్చీలోంచి సగం లేచాడు. ఆమె కదల్లేదు.

"కప్పే ఉంచండి," అంది ఫోన్‌లో. "ఇన్ని వందల కోట్ల ఏళ్లు ఆగింది, ఇంకాసేపు ఆగుతుంది. మా ఆయన నన్ను తిడుతున్నాడు."

ఫోన్ కట్టేసి స్వెట్టరు జేబులో పడేసింది. కూర్చున్న కుర్చీని ఈడ్చుకుంటూ అతన్ని దాటి ముందుకి తీసుకెళ్లింది, కుర్చీ కాళ్లు నేలమీద కీచుమన్నాయి, అతను ఇందాకటిదాకా చూస్తూ కూర్చున్న ఆ ఖాళీ గోడకి ఆనించి, అతనికి ఎదురుగా, మోకాళ్లు మోకాళ్లకి తగిలేంత దగ్గరగా వేసుకుని కూర్చుంది.

"కూర్చో," అంది. "ఇప్పుడు నాకు చెప్పు. మొదట్నుంచీ."